జాజ్ బేస్ వైరింగ్ మార్చే ముందు: ఏది చేయించాలి, ఏది ఆపాలి

బ్యాండ్‌లో తమ బేస్ గిటార్ సరిగ్గా వినబడటం లేదని అనిపించగానే చాలామంది రెండు దారులు చూస్తారు. ఒకటి కొత్త పికప్‌లు (తీగల ఊపును సిగ్నల్‌గా మార్చే భాగాలు), రెండోది బ్యాటరీతో నడుస్తూ ఆ సిగ్నల్‌ను గిటార్ లోపలే పెంచే ప్రీయాంప్. రెండిటికీ ఖర్చు బాగానే అవుతుంది. రెండు సింగిల్ కాయిల్ పికప్‌లున్న జాజ్ బేస్ తరహా గిటార్ మీ దగ్గరుంటే ఆ రెండిటికంటే ముందు చేయించాల్సింది ఒక చిన్న స్విచ్ అని నేను గట్టిగా చెప్తాను. రెండు పికప్‌లనూ సిరీస్‌లోకి, అంటే ఒకదాని వెనక ఒకటిగా తెచ్చే స్విచ్ అది. దాంతో తీరని అవసరం ఏదైనా మిగిలితే అప్పుడు మిగతా వాటి గురించి ఆలోచించవచ్చు.

అయితే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు రెండు పనులు చేయండి. తీగలు పాతబడి ఉంటే మార్చండి. పికప్ ఎత్తు చూడండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టుకుంటే, తీగ అడుగు నుంచి పికప్ దాకా లావు తీగ వైపు సుమారు 3 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు సుమారు 2.5 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. తీగలు ఆనుకునే బ్రిడ్జ్ దగ్గర తీగ ఊగేది తక్కువ కాబట్టి ఆ పికప్ కొంచెం ఎత్తుగా ఉన్నా తప్పులేదు. సౌండ్ పల్చగా ఉందని వైరింగ్ మార్పించడానికి వెళ్లే గిటార్లలో కొన్నిటికి పికప్ ఎత్తు మార్చే స్క్రూలు తిప్పితే చాలు.

ఇప్పుడు మీ గిటార్‌లో ఉన్నది

ఫెండర్ కంపెనీ 1960లో జాజ్ బేస్ తెచ్చినప్పుడు దానికి ఒకదానిమీద ఒకటి కూర్చున్న జంట నాబ్‌లు రెండుండేవి. ఒక్కో పికప్‌కీ వేరే వాల్యూమ్, వేరే టోన్ అన్నమాట. 1962 నాటికల్లా అది మూడు నాబ్‌లకు మారింది: రెండు వాల్యూమ్‌లు, రెండిటికీ కలిపి ఒక టోన్. ఈరోజు స్క్వయర్ ఎఫినిటీ జాజ్ బేస్ కొన్నా లోపల ఉండే పద్ధతి అదే. మామూలుగా 250 కిలో ఓమ్‌ల పాట్‌లు (నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్లు) మూడు, టోన్‌కి 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, పికప్‌లు రెండూ పారలల్‌లో.

ఈ వైరింగ్‌లో ఒక తెలివైన సంగతి ఉంది. పికప్ నుంచి సిగ్నల్ తెచ్చే హాట్ వైరు పాట్ మధ్య కాలికి వెళ్తుంది, పక్క కాలు నుంచి బయటికి వస్తుంది. దానివల్ల ఒక వాల్యూమ్‌ను సున్నాకి తిప్పినా రెండో పికప్ మోగుతూనే ఉంటుంది. ఈ రెండు కాళ్లూ తారుమారు చేసి సోల్డర్ చేస్తే ఏ ఒక్క నాబ్ తగ్గించినా మొత్తం గిటార్ మూగబోతుంది. వైరింగ్ తెలియని చోట బాగుచేయించిన గిటార్లలో ఈ పొరపాటు కనిపిస్తూనే ఉంటుంది.

రెండు పికప్‌లలో ఒకదాని చుట్టు, అయస్కాంతం రెండోదానికి తిరగేసి ఉంటాయి. అందుకే రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే చప్పుడు) పోతుంది. ఒకటి కొంచెం తగ్గించారా, మళ్లీ మొదలవుతుంది. రెండూ తెరిచినప్పుడు ఇంకో సంగతి కూడా జరుగుతుంది. తీగను రెండు చోట్ల నుంచి వినడం వల్ల మధ్య స్వరాల్లో కొంత భాగం ఒకదాన్నొకటి తినేస్తుంది. శుభ్రంగా, మెరుస్తూ ఉండే ఆ సౌండ్ ఒంటరిగా వింటే ఎంత బాగుంటుందో, కీబోర్డూ డ్రమ్సూ మోగే చోట అంత తేలిగ్గా మాయమవుతుంది. పేరున్న బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తన 1962 జాజ్ బేస్ మీద ఎక్కువగా బ్రిడ్జ్ పికప్ వైపే మొగ్గడానికి కారణం అర్థమవుతుంది. ప్రతి స్వరం విడిగా పలకాలంటే మధ్య స్వరాలు కావాలి.

సిరీస్ స్విచ్ ఎందుకు ముందు

పారలల్‌లో రెండు పికప్‌లు పక్కపక్కన నిలబడి చెరో దారిలో సిగ్నల్ పంపుతాయి. సిరీస్‌లో ఒకదాని తోక రెండోదాని తలకి కడతాం, రెండూ కలిసి ఒకే పొడవాటి కాయిల్ అవుతాయి. ఇండక్టెన్స్ పెరుగుతుంది, పైనుండే ట్రెబుల్ కిందికి దిగుతుంది, మధ్య స్వరాలు బలపడతాయి, మొత్తం సౌండ్ గట్టిగా వస్తుంది. హమ్ మాత్రం పెరగదు, ఎందుకంటే తిరగేసి చుట్టిన జంట ఇక్కడ కూడా ఒకదాని హమ్‌ను ఒకటి కొట్టేస్తుంది. ఫెండర్ వాళ్ల మరో మోడల్ ప్రెసిషన్ బేస్‌లో 1957 నుంచి వస్తున్న రెండు ముక్కల పికప్ కూడా సిరీస్‌లో కట్టిన రెండు కాయిల్సే. జాజ్ బేస్‌ను సిరీస్‌లో పెడితే అచ్చం ప్రెసిషన్ అయిపోదు, పికప్‌లు ఉండే చోటు వేరు కదా. కానీ ఆ కుటుంబానికి దగ్గరవుతుంది.

మన చర్చి బ్యాండ్లలో ఇది ఎంత పనికొస్తుందో చూడండి. కీబోర్డ్ వాయించేవాళ్ల ఎడమ చెయ్యి సగం సేపు బేస్ ఉండే చోటే ఉంటుంది. పైన ప్యాడ్ సౌండ్ పరుచుకుని ఉంటుంది. ఆరాధన లైవ్‌లో ఇంటి దగ్గర ఫోన్ స్పీకర్‌లో వినేవాళ్లకి అడుగు స్వరాలు అసలు రావు. బేస్ ఉందని వాళ్లకి తెలిసేది మధ్య స్వరాల వల్లే. ఇలాంటి చోట ఈక్వలైజర్‌లో బేస్ నాబ్ పెంచితే హాల్ అదురుతుంది తప్ప పాట వినబడదు. సిరీస్ స్విచ్ పైకి లాగితే వినబడుతుంది. నెమ్మదిగా సాగే కీర్తనకి పారలల్, పల్లవి ఊపందుకోగానే సిరీస్: పాట మధ్యలో ఒక్క వేలితో అయ్యే పని.

దీనికి మూడు రకాల స్విచ్‌లు దొరుకుతాయి. పుష్‌పుల్ పాట్ అంటే వాల్యూమ్ పాట్ కిందే స్విచ్ ఉంటుంది, నాబ్‌ను పైకి లాగితే మారుతుంది. బయటికి ఏమీ కనబడదు, చెక్కకి గానీ నాబ్‌లుండే ప్లేటుకి గానీ రంధ్రం అక్కర్లేదు. కానీ ఆ పాట్ పొడవు ఎక్కువ. తక్కువ ధర గిటార్లలో లోపలి గుంత లోతు సరిపోకపోవచ్చు. కొనేముందు ప్లేటు తీసి స్కేలుతో లోతు కొలవండి, పాట్ రంధ్రం సైజు కూడా చూడండి. అమెరికన్ పాట్‌లకి పెద్ద రంధ్రం కావాలి, ఆసియాలో తయారయ్యే గిటార్లలో తరచుగా చిన్న రంధ్రాలుంటాయి. రెండోది చిన్న టోగుల్ స్విచ్. చౌక, గట్టిది, ఏ వైపు ఉందో వేదిక మీద చీకట్లో కూడా వేలికి తెలుస్తుంది. రంధ్రం చేయాల్సింది చెక్కకి కాదు, క్రోమ్ ప్లేటుకి. మూడోది ఫెండర్ వాళ్లే కొన్ని మోడళ్లలో పెట్టిన ఎస్-1, నాబ్ మీద నొక్కితే మారుతుంది. అది మీ గిటార్‌తో వచ్చి ఉంటే అదృష్టమే, విడిగా కొని పెట్టించేంత అవసరం లేదు.

నా ఓటు టోగుల్‌కి, అదీ ఒక షరతు మీద. పాత ప్లేటును ముట్టుకోవద్దు. విడిగా ఇంకో కంట్రోల్ ప్లేటు కొనండి, కొత్త పాట్‌లు, కొత్త స్విచ్, కొత్త జాక్ అన్నీ దాని మీదే బల్ల దగ్గర కూర్చుని తీరిగ్గా కట్టుకోండి. జాజ్ బేస్‌లో అన్నీ ఆ ఒక్క ప్లేటు మీదే ఉంటాయి. గిటార్ నుంచి విడదీయాల్సినవి ఐదు వైర్లే: ఒక్కో పికప్‌వి రెండేసి, బ్రిడ్జ్ కింద నుంచి వచ్చే గ్రౌండ్ ఒకటి. పాత ప్లేటును వైర్లతో సహా కవర్లో పెట్టి దాచండి. రేపు గిటార్ అమ్మాల్సి వస్తే అరగంటలో మళ్లీ మొదటి రూపానికి తేవచ్చు.

వైరింగ్‌లో తెలియాల్సింది ఒక్కటే చిక్కు. గిటార్ మెడ వైపు ఉండే నెక్ పికప్ నలుపు వైరు ఇప్పుడు నేరుగా పాట్ వీపు మీద గ్రౌండ్ అయి ఉంటుంది. దాన్ని అక్కడి నుంచి తీసి స్విచ్‌కి తేవాలి. పారలల్ వైపు ఉన్నప్పుడు స్విచ్ దాన్ని గ్రౌండ్‌కి కలుపుతుంది. సిరీస్ వైపు వేస్తే దాన్ని బ్రిడ్జ్ పికప్ హాట్ వైరుకి కలిపి, ఆ హాట్ వైరును దాని సొంత వాల్యూమ్ పాట్ నుంచి విడదీస్తుంది. ఈ రెండు పనులూ ఒకేసారి చేయాలి కాబట్టి ఆరు కాళ్ల స్విచ్ కావాలి. సిరీస్‌లో నెక్ వాల్యూమే మొత్తానికి మాస్టర్ అవుతుంది, బ్రిడ్జ్ వాల్యూమ్ తిప్పినా ఏమీ మారదు. ఇది లోపం కాదు, ఈ పద్ధతి అంతే. నెక్ పికప్ అడుగున ఉండే రాగి షీల్డ్ గానీ లోహపు ముక్క గానీ నలుపు వైరుకి అంటించి ఉంటే దాన్ని విడదీసి వేరే వైరుతో గ్రౌండ్ చేయండి. లేకపోతే సిరీస్‌లో బ్రిడ్జ్ పికప్ గ్రౌండ్ అయిపోయి నెక్ పికప్ ఒక్కటే మోగుతుంది, లేదా ఆ లోహమే హమ్ పట్టే యాంటెన్నా అవుతుంది.

రెండు పికప్‌లూ వేరువేరు కంపెనీలవైతే మరో పరీక్ష అవసరం. రెండూ కలిపినప్పుడు అడుగు స్వరం మాయమై గొంతు నొక్కినట్టు పల్చగా వస్తే అవి ఎదురెదురు ఫేజ్‌లో ఉన్నట్టు. ముల్లు కదిలే పాత రకం మల్టీమీటర్‌ను పికప్ వైర్లకి తగిలించి, స్క్రూడ్రైవర్ కొనను పికప్ మీద కనిపించే అయస్కాంతపు పోల్‌కి ఆనించి ఒక్కసారిగా పైకి లాగండి. ముల్లు ఒక వైపు కొట్టుకుంటుంది. రెండు పికప్‌లకీ ఒకే వైపు కొట్టుకోవాలి. లేకపోతే ఒకదాని రెండు వైర్లూ మార్చేయండి.

రెండు వాల్యూమ్‌లా, బ్లెండ్ నాబా, జంట నాబ్‌లా

బ్లెండ్ అంటే ఒక నాబ్‌తో మొత్తం వాల్యూమ్, ఇంకో నాబ్‌తో ఏ పికప్ ఎంత. మధ్యలో చిన్న గాడి ఉండి వేలికి తెలుస్తుంది. పాట మధ్యలో సౌండ్ తగ్గించాలంటే రెండు నాబ్‌లు సమంగా తిప్పే తంటా ఉండదు. ప్రీయాంప్ ఉన్న గిటార్లలో ఇది చక్కగా కుదురుతుంది. ప్రీయాంప్ లేని గిటార్‌లో మాత్రం పాత పద్ధతే మేలు. రెండు వాల్యూమ్‌ల మధ్య వచ్చే చిన్న చిన్న తేడాలు, ఒకటి పూర్తిగా తెరిచి రెండోది కాస్త మూసినప్పుడు వచ్చే ఆ రంగు, జాజ్ బేస్ అందమంతా అక్కడే ఉంది. దాన్ని పోగొట్టుకోవద్దు. పైగా చౌక బ్లెండ్ పాట్‌లలో మధ్య గాడి దగ్గర రెండు పికప్‌లూ పూర్తిగా తెరుచుకోవు.

1960 నాటి జంట నాబ్‌లు చూడ్డానికి బాగుంటాయి. నెక్ పికప్‌ను మందంగా పెట్టి బ్రిడ్జ్‌ను పదునుగా ఉంచవచ్చని చెప్తారు గానీ, పారలల్‌లో ఒకదాని టోన్ రెండోదాని మీద కూడా ప్రభావం చూపిస్తుంది. ఆ కాలపు గిటార్ పోలిక కావాలనుకునేవాళ్లకి తప్ప మిగతావాళ్లకి నేను సూచించను.

పాట్‌లు, కెపాసిటర్లు

కెపాసిటర్ విషయంలో గొడవలు ఎక్కువ, తేడా తక్కువ. నూనెలో నానబెట్టిన పాతకాలపు కెపాసిటర్‌కి వేలు పోయనక్కర్లేదు. ఏ పదార్థంతో చేశారన్నది మీ చెవికి చేరదు, విలువ ఎంతన్నదే చేరుతుంది. అది కూడా టోన్ నాబ్ తగ్గించినప్పుడే బాగా తెలుస్తుంది. కోఠిలో గుజరాతీ గల్లీకో, చెన్నైలో రిచీ స్ట్రీట్‌కో వెళ్లి మామూలు పాలియెస్టర్ కెపాసిటర్లు మూడు విలువలవి తీసుకోండి. పైన 223 అని ఉంటే 0.022, 473 అని ఉంటే 0.047, 104 అని ఉంటే 0.1 మైక్రోఫారడ్. సోల్డర్ చేయకుండా రెండు మొసలి క్లిప్పుల వైర్లు టోన్ పాట్ నుంచి బయటికి లాగి, ఒక్కోటి తగిలించి, నాబ్ పూర్తిగా మూసి వాయించి చూడండి. 223తో నాబ్ మూసినా మధ్య స్వరాలు మిగులుతాయి. 104తో దుప్పటి కప్పినట్టు మందమవుతుంది, రెగె పాటలకి అది బాగుంటుంది. 473 రెండిటికీ మధ్యన. అందుకే ఇన్నేళ్లుగా అదే వాడుతున్నారు. నాబ్ ఎప్పుడూ పూర్తిగా తెరిచే వాయించేవాళ్లయితే ఈ పేరా మీకు అక్కర్లేదు.

పాట్‌లు 250 నుంచి 500 కిలో ఓమ్‌లకు మారిస్తే పైన ట్రెబుల్ కొంచెం తెరుచుకుంటుంది. జాజ్ పికప్‌లకి అది చాలాసార్లు ఎక్కువైపోయి ఫ్రెట్ చప్పుడు పైకొస్తుంది. సిరీస్ స్విచ్ పెట్టాక మందంగా అనిపిస్తే మాత్రం ఒకసారి ప్రయత్నించవచ్చు. రేడియో విడిభాగాల షాపుల్లో 250కి బదులు 220, 500కి బదులు 470 ఇస్తారు. తీసుకోండి, పాట్‌ల విలువలోనే అంత తేడా మామూలుగా ఉంటుంది. పాట్ మీద విలువకు ముందు ఎ అక్షరం ఉంటే ఆడియో రకం, బి ఉంటే లీనియర్. బి రకం వాల్యూమ్‌కి పెడితే సౌండ్ మార్పంతా నాబ్ ఒక చివరకే పోగుపడుతుంది.

ప్రీయాంప్ ఎవరికి

మ్యూజిక్ మ్యాన్ కంపెనీ స్టింగ్‌రే బేస్ 1976లో గిటార్ లోపలే ప్రీయాంప్‌తో వచ్చింది. బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ తన 1977 జాజ్ బేస్‌లో న్యూయార్క్‌లో గిటార్ తయారీదారు రోజర్ సడౌస్కీ చేత ప్రీయాంప్ పెట్టించుకున్నారు. బొటనవేలితో కొట్టి, చూపుడువేలితో లాగే స్లాప్ వాయింపులో ఆ అడుగు దిమ్మ, పై మెరుపు రెండూ కావాలంటే పాట్‌లు, స్విచ్‌లతో కుదరదు. పాట్ ఉన్నదాన్ని తగ్గించగలదు గానీ లేనిదాన్ని పెంచలేదు. మీరు వాయించేది అదే అయితే సిరీస్ స్విచ్ గురించి నేను పైన చెప్పినదంతా పక్కన పెట్టి నేరుగా ప్రీయాంప్‌కే వెళ్లండి.

మిగతావాళ్లు ఒక పరీక్ష చేయండి. మీ గిటార్ ఇంట్లో యాంప్‌తో బాగుండి, హాల్‌లో మిక్సర్‌కి కలిపితేనే మూగగా ఉందా? అయితే జబ్బు గిటార్‌లో లేదు. ప్రీయాంప్ లేని పికప్‌ను కలిపే పరికరం 1 మెగా ఓమ్ దాకా ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి అది చూపే నిరోధం) ఇవ్వాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సాధారణంగా 10 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ బరువుకి పికప్ ట్రెబుల్ అంతా అక్కడే కరిగిపోతుంది. పొడవాటి కేబుల్ కూడా మీటరుకి సుమారు 100 పికోఫారడ్‌ల చొప్పున తన వంతు తింటుంది. గిటార్ పక్కనే ఒక యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కి తగినట్టు మార్చే పెట్టె) పెట్టి, పొట్టి కేబుల్‌తో కలపండి. ప్రీయాంప్ పెట్టాక సౌండ్ తెరుచుకుందని చెప్పేవాళ్లలో చాలామంది విన్నది ఈ మార్పునే. డీఐ బాక్స్ అయితే రేపు గిటార్ మారినా మీతోనే వస్తుంది.

అయినా ప్రీయాంప్ పెట్టించాలనుకుంటే రెండు విషయాలు వదలొద్దు. బ్యాటరీ అయిపోతే గిటార్ మామూలుగా మోగేలా బైపాస్ స్విచ్ ఉండాలి. బ్యాటరీ చచ్చేటప్పుడు సౌండ్ ముందు చిరిగి, తర్వాత పడిపోతుంది, అదీ పాట మధ్యలోనే. జాక్ స్టీరియో రకం అయి ఉండాలి, ప్లగ్ పెట్టినప్పుడే బ్యాటరీ ఆన్ అవుతుంది. అంటే వాయించడం అయ్యాక కేబుల్ పీకేయాలి. బ్యాటరీకి చోటు లేదని చెక్క తొలిపించే ఆలోచన ఉంటే, పాత గిటార్‌కి ఆ పని చేయించవద్దని నా మనవి. తొలిచిన చెక్క మళ్లీ రాదు.

హమ్ సంగతి, పీజే గిటార్ సంగతి

గుంత లోపల రాగి రేకు అంటిస్తే ట్యూబ్ లైట్లు, డిమ్మర్ల నుంచి వచ్చే చిరచిర బాగా తగ్గుతుంది. ఒక్క పికప్‌తో వాయించేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చే హమ్ దాంతో పోదు. రేకు గ్రౌండ్‌కి కలిసి ఉండాలి, హాట్ కాళ్లు దానికి తగలకూడదు. తీగలు ముట్టుకోగానే హమ్ తగ్గితే బ్రిడ్జ్ గ్రౌండ్ బాగున్నట్టు, ఆ వైరు తీసేయకండి. మైక్‌కి పెదవి తగిలితే షాక్ కొడుతోందంటే మాత్రం అది గిటార్ వైరింగ్ పని కాదు. వాయించడం ఆపి, ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

యమహా టీఆర్‌బీఎక్స్ 174 లాంటి పీజే గిటార్ (ఒక ప్రెసిషన్ రకం పికప్, ఒక జాజ్ రకం పికప్ ఉన్నది) అయితే లెక్క మారుతుంది. పీ పికప్ తన హమ్ తనే కొట్టేసుకుంటుంది, జే పికప్‌కి తోడు ఎవరూ ఉండరు. కాబట్టి సిరీస్ పెట్టినా హమ్ ఉంటుంది, పైగా సౌండ్ బురదగా మారే అవకాశం ఎక్కువ. అలాంటి గిటార్‌కి నా సలహా జే స్థానంలో హమ్ రాని పికప్ ఒకటి, అంతే. ఒక్క పీ పికప్ ఉన్న ప్రెసిషన్ బేస్‌కైతే దాని రెండు ముక్కలను పారలల్‌కి మార్చే స్విచ్ కూడా పెడతారు. సౌండ్ తగ్గి, ఆ పికప్‌కి పేరు తెచ్చిన మధ్య బలమే పోతుంది. పెట్టించవద్దు.

పని అయ్యాక పరీక్ష

సోల్డరింగ్‌కి రోజిన్ ఉన్న 60/40 టిన్-లెడ్ సోల్డర్ తీగ వాడండి. పాట్ వీపు వేడెక్కడానికి సన్న కొన ఉన్న 25 వాట్ల ఐరన్ చాలదు, ఎక్కువసేపు ఆనిస్తే పాట్ లోపల కాలిపోతుంది. 40 నుంచి 60 వాట్లది, వెడల్పు కొన ఉన్నది తీసుకుని, వీపును ముందు కాస్త గరుకు కాగితంతో రుద్ది, చప్పున ముగించండి.

ప్లేటు బిగించే ముందే జాక్‌లో కేబుల్ పెట్టి రెండో చివర మల్టీమీటర్‌తో ఓమ్‌లు చూడండి. పికప్‌లు ఒక్కోటి 7.5 కిలో ఓమ్‌లదనుకుంటే, పారలల్‌లో ఒక్క వాల్యూమ్ మాత్రమే తెరిస్తే సుమారు 7, రెండూ తెరిస్తే మూడున్నర పైచిలుకు రావాలి. సిరీస్‌లోకి మార్చి నెక్ వాల్యూమ్ పూర్తిగా తెరిస్తే 13, 14 మధ్య వస్తుంది. 15 రాలేదని కంగారు వద్దు, రెండు 250 పాట్‌లు పక్కన ఆనుకుని ఉండటం వల్ల అంత తగ్గుతుంది. సిరీస్‌లో కూడా 7 దగ్గరే ఆగితే నెక్ నలుపు వైరు ఎక్కడో ఇంకా గ్రౌండ్‌కి తగులుతోంది. 100 పైన చూపిస్తే సోల్డర్ ఊడింది, మీటర్ పాట్‌లను మాత్రమే చదువుతోంది. సున్నా అయితే హాట్ వైరు షార్ట్ అయింది, మొదట రాగి రేకు దగ్గర వెతకండి.